డిశ్చార్జి కాగితంలోని చివరి వాక్యం

సంపాదకులకు నమస్కారాలు.

మీ జిల్లా పేజీల్లో ప్రమాద వార్తలు రోజూ చదువుతుంటాను. ద్విచక్ర వాహనం అదుపు తప్పి కాలు విరిగిందని, మామిడి చెట్టు మీది నుంచి పడి నడుముకు దెబ్బ తగిలిందని, క్షతగాత్రుణ్ణి 108లో ఆసుపత్రికి తరలించారని రాస్తారు. వార్త అక్కడితో ఆగిపోతుంది. పత్రికలో చోటు పరిమితం కనుక ఆగవలసిందే. అయితే వైద్యం కూడా దాదాపు అక్కడే, ఆసుపత్రి గేటు దగ్గరే, ఆగిపోతున్నదన్న సంగతి నా ఇంట్లో అనుభవానికి వచ్చేదాకా నాకు తెలియలేదు. జబ్బు నుంచో గాయం నుంచో బయటపడిన మనిషి తిరిగి లేచి నిలబడడానికి, నడవడానికి, తన పని తాను చేసుకోవడానికి కావలసిన కసరత్తును తెలిసినవారు దగ్గరుండి చేయించడం చికిత్సలో భాగమేనని, దాన్ని ఇంటివాళ్ల తీరికకూ తెలివికీ వదిలేయకూడదని విన్నవించుకోవడానికే ఈ ఉత్తరం. కొంత పొడుగైతే మన్నించగలరు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఊళ్లో అందరికీ డ్రిల్లు మాస్టారునే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. కింద చెప్పబోయే నా తప్పుకు మూలం అదే కనుక చెబుతున్నాను.

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో, దీపం పెట్టడానికి తెల్లవారుజామున లేచిన నా భార్య ఎడమ చేతిలోని ప్రమిదను జారవిడిచి, చెయ్యి తిమ్మిరెక్కిందంటూ గోడకు ఒరిగిపోయింది. తిమ్మిరే అనుకొని చాలాసేపు నూనె రాసి మర్దనా చేశాం. మూతి పక్కకు లాగిన తర్వాతగాని అది పక్షవాతమని తట్టలేదు. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలని, మేము ఆ గడువు దాటి వచ్చామని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆ ఆలస్యం మాదే. తొమ్మిది రోజులు ఉంచుకొని ప్రాణం నిలబెట్టారు. ప్రభుత్వ ఉచిత చికిత్స పథకమైన వైద్యసేవ కార్డు ఉండడం వల్ల ఆ తొమ్మిది రోజులూ చేతి నుంచి పెద్దగా ఖర్చు కాలేదు. అందుకు ఎవరికైనా చేతులెత్తి నమస్కరిస్తాను.

పదో రోజున డిశ్చార్జి కాగితం ఇచ్చారు. అందులో స్కానింగు వివరాలున్నాయి. ఏడు రకాల మాత్రలున్నాయి. ఏది పరగడుపున వేసుకోవాలో, ఏది భోజనం తర్వాతో, ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్నాళ్లో అన్నీ స్పష్టంగా రాశారు. అట్టడుగున ఒక్క వాక్యం: ఫిజియోథెరపీ చేయించవలెను. ఎవరి చేత చేయించాలి, ఎక్కడ, వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి అన్న వివరం ఏదీ లేదు. అడిగితే, జిరాక్సు మీద జిరాక్సు తీయగా ముఖాలు నల్లబడిపోయిన బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టి, ఇంట్లో ఇవి చేయించండి అన్నారు. వార్డు నిండా రోగులున్న చోట ఆ నర్సమ్మ అంతకన్నా ఏం చెప్పగలదు? ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. మాత్రకు కొలత ఉండి కసరత్తుకు కొలత లేకుండా పోయిన పద్ధతి మీదనే నా ఫిర్యాదు.

ఇంటికి వచ్చాక చూడవచ్చిన బంధువులలో పావురం రక్తంతో మర్దనా చేస్తే లేచి తిరుగుతుందని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ పని చేయలేదుగాని, నేను చేసింది అంతకన్నా తెలివైనదేమీ కాదు. వ్యాయామం నాకు తెలియనిదా అన్న ధీమాతో పొద్దున ఆరు గంటలకు ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, చచ్చుబడిన ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని తల పైదాకా ఎత్తేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు అని పదిహేను దాకా లెక్క. ఈల ఒక్కటే తక్కువ. ఆమె నొప్పి అంటే, బడిలో పిల్లలకు చెప్పినట్టే, నొప్పి లేకుండా బలం ఎక్కడి నుంచి వస్తుందని చెప్పేవాణ్ణి. మూడో వారానికి ఆమె రాత్రుళ్లు నిద్రపోవడం మానేసింది. భుజం ముందువైపు వేలు పెడితే, ఎముకకూ గూటికీ నడుమ వేలిమందం సందు తగిలేది. ఆ నొప్పికి కారణం నేనేనని అప్పటికింకా నాకు తెలియదు.

అప్పుడు పక్క మండలంలో ఉండే, ఫిజియోథెరపీలో డిగ్రీ చేసిన ఒక అమ్మాయి సంగతి ఎవరో చెబితే కబురు చేశాను. ఆ అమ్మాయి వచ్చిన మొదటి రోజు కసరత్తేమీ చేయించలేదు. బీపీ చూసింది. కూర్చున్నప్పుడు ఏ పక్కకు ఒరుగుతున్నదో, లేవమంటే ఏ కాలి మీద బరువు వేస్తున్నదో, పిలిస్తే ఎడమవైపు తల తిప్పుతున్నదో లేదో ముక్కాలు గంట సేపు గమనించింది. భుజం తడిమి చూసి, చెయ్యి పట్టుకొని ఎవరు లాగుతున్నారని అడిగింది. భుజం కీలును గూటిలో నిలబెట్టేది ప్రధానంగా చుట్టూ ఉండే కండరాలేనని, పక్షవాతంలో అవి వదులైపోయినప్పుడు చేతి బరువుకే కీలు కిందికి జారుతుందని, ఆ స్థితిలో భుజపుటెముకను సర్ది పట్టుకోకుండా మణికట్టు పట్టి పైకి లాగితే నడుమనున్న మెత్తటి భాగాలు నలిగిపోతాయని ఓపికగా చెప్పింది. మళ్లీ చెయ్యి లాగకండి సార్ అన్నది. సారునైన నేను తల వంచుకున్నాను.

ఆ తర్వాత అయిదు నెలల పాటు వారానికి మూడుసార్లు ఆ అమ్మాయి వచ్చింది. ఏం చేయించిందో కొంత వివరంగా రాస్తాను. దగ్గరుండి చేయించడం అంటే పక్కన నిలబడి లెక్కపెట్టడమేనని నాలాగే అనుకునేవారు చాలామంది ఉంటారు. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచింది, ఎత్తు నుంచి లేవడం సులువు కనుక. వారానికి వారానికి ఇటుకలు తగ్గించింది. లేచేటప్పుడు ఆమె బరువంతా కుడి కాలి మీదికే వెళ్లిపోతుంటే, కుడి పాదాన్ని కొంచెం ముందుకు జరిపించి ఎడమ కాలు పని చేయక తప్పని స్థితి కల్పించింది. నేనైతే పది అనేవాణ్ణి. ఆ అమ్మాయి ఆరు దగ్గర ఆపేది. ఎందుకని అడిగితే, ఏడోసారి ఆమె కాలితో లేవడం మానేసి నడుము విసిరి లేస్తున్నదని, ఆ దొంగ కదలిక ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టమని చెప్పింది. అది నాకు కనిపించనే లేదు. 31 ఏళ్లు వందల మంది పిల్లల చేత డ్రిల్లు చేయించిన కళ్లకు అది కనిపించలేదు. ఆరోగ్యవంతుడి వ్యాయామంలో తప్పు చేస్తే అలసట వస్తుంది. రోగి వ్యాయామంలో తప్పు చేస్తే ఆ తప్పే శరీరానికి చదువు అవుతుంది.

ఇంకొక సంగతి. చేతికి బలం రావాలని నేను రబ్బరు బంతి ఇచ్చి పొద్దస్తమానం నొక్కించేవాణ్ణి. అప్పటికే బిగుసుకొని ముడుచుకుపోతున్న వేళ్లను ఇంకా ముడవడం నేర్పుతున్నారని చెప్పి, ఆ బంతి తీసేసి, వంటగట్టు మీద అరచెయ్యి పరిచి దాని మీద మెల్లగా బరువు ఆనించడం నేర్పింది. వంట గదిలోనే నిలబడడం, గట్టు వెంబడి పక్కకు అడుగులు వేయడం, అర చెంబు నీళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం ఇవన్నీ కసరత్తులే. మధ్యలో బీపీ ఎక్కువగా ఉందని రెండు రోజులు ఏమీ చేయించకుండా వెళ్లిపోయింది, డబ్బులిస్తే తీసుకోలేదు. అయిదో నెలలో నా భార్య చేతికర్రతో తులసికోట దాకా వెళ్లి వచ్చింది. ఎడమ చెయ్యి నేటికీ పూర్తిగా రాలేదు. భుజం నొప్పి మాత్రం మిగిలింది, అది నా బహుమానం.

ఈ అనుభవం తర్వాత మా అబ్బాయి సాయంతో ఈ విషయం గురించి దొరికినంత చదివాను. అందులో మూడు అధ్యయనాల సంగతి పాఠకులకు తెలియాలనిపించింది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాల పాటు పూర్తిగా మంచం మీద పడుకోబెట్టి పరీక్షించారు. శ్రమ చేసేటప్పుడు శరీరం గరిష్ఠంగా ప్రాణవాయువును వాడుకోగల శక్తి వాళ్లలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పయ్యేళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ముప్పయ్యేళ్ల వయసు తగ్గించిన శక్తి కంటే ఆనాడు మూడు వారాల మంచం తగ్గించిన శక్తే ఎక్కువని తేలింది. ఏ జబ్బూ లేని యువకుల సంగతే అలా ఉంటే, అరవై దాటి, జబ్బు పడి, కదిలితే ఏమవుతుందోనన్న ఇంటివాళ్ల ప్రేమ చేత నెలల తరబడి పడుకోబెట్టబడినవారి సంగతి ఊహించవచ్చు. విశ్రాంతి అని మనం పిలిచేది చాలా సందర్భాల్లో రెండో జబ్బు.

అలాగని తొందరపడి లేపేయడమూ మంచిది కాదు. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపలే రోగులను మంచం దింపి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు కదిలిస్తే మేలా అని అయిదు దేశాల్లో 2,104 మంది మీద పరిశీలించి 2015లో ప్రకటించిన ఫలితం విచిత్రంగా ఉంది. ఆ విధంగా గట్టిగా చేయించినవారిలో, మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవారు మామూలు పద్ధతిలో చూసినవారి కంటే కొంత తక్కువగానే ఉన్నారు. అదే సమాచారాన్ని మరింత లోతుగా చూసినప్పుడు, ఒకేసారి ఎక్కువసేపు చేయించడం కంటే చిన్న చిన్న విడతలుగా తరచు చేయించడం మేలని కనిపించింది. అంటే కసరత్తుకూ మందు లాగే మోతాదు ఉన్నది, తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే చెడుపు చేస్తుంది.

మూడోది మన దేశంలోనే జరిగింది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిందీ అదే. ఫిజియోథెరపిస్టుల కొరత ఉంది కనుక, పక్షవాత రోగుల ఇంటివాళ్లకే ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చి పంపితే సరిపోతుందేమోనని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో పరిశీలించి 2017లో ఫలితం వెల్లడించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, ఇంటివాళ్లకు శిక్షణ ఇచ్చిన వర్గంలోనూ ఇవ్వని వర్గంలోనూ మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడి ఉన్నవారు ఒకే తీరుగా, దాదాపు 47 శాతం ఉన్నారు. కసరత్తు వృథా అని దీనికి అర్థం చెప్పుకోవడం తొందరపాటు. ఆ భారాన్ని కొద్దిపాటి శిక్షణతో కుటుంబం మీదికి జరిపేస్తే ఫలితం రాదని నేను అర్థం చేసుకున్నాను. నా ఇల్లు ఆ అధ్యయనంలో లేదుగాని, ఉండి ఉంటే ఏ గడిలో పడేదో నాకు తెలుసు. కుటుంబం అవసరం లేదని కాదు. వారంలో మూడు రోజులు ఆ అమ్మాయి చేయిస్తే తక్కిన నాలుగు రోజులూ చేయించింది నేనే. అయితే ఏం చేయాలో, ఎక్కడ ఆపాలో చెప్పి, తర్వాతి సారి వచ్చి చూసి దిద్దేవారు ఉన్నప్పుడే నా చేతులకు విలువ వచ్చింది.

గుండె జబ్బుల విషయం ఇంకా తేడాగా ఉంటుంది. మా వీధిలోనే స్టెంటు వేయించుకున్నవారు ఇద్దరున్నారు. ఒకాయన మూడేళ్లుగా మేడ మెట్లెక్కలేదు, మనవణ్ణి ఎత్తుకోడు, గుండెలో స్ప్రింగు ఉంది, ఊడిపోతుందని ఆయన భయం. రెండో ఆయన రెండో వారంలోనే ఎరువు తట్టలు మోయడం మొదలుపెట్టి మళ్లీ ఆసుపత్రి పాలయ్యాడు. ఇద్దరికీ ఇచ్చిన సలహా ఒక్కటే, కొంచెం కొంచెం నడవండి అని. ఒకప్పుడు గుండెపోటు వస్తే ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కారు. 1952లో అమెరికాలో లెవీన్, లౌన్ అనే ఇద్దరు వైద్యులు రోగులను పడకకుర్చీలో కూర్చోబెడితే మేలని రాసినప్పుడు అదే పెద్ద సాహసం. అక్కడి నుంచి ఇవాళ చాలా దేశాల్లో గుండె రోగికి కొన్ని వారాల పాటు నాడి, బీపీ గమనిస్తూ కసరత్తు చేయించడం చికిత్సలో అంగమైంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అటువంటి విడతలు 36 దాకా భరిస్తుంది. అలా చేయించుకున్నవారిలో మళ్లీ గుండెపోటు రావడం, ఆసుపత్రిలో చేరవలసి రావడం తగ్గుతున్నాయని పలు పరిశోధనలను కలిపి చూసినవారు చెబుతున్నారు.

గుండె రోగులకు దగ్గర ఎవరైనా ఎందుకుండాలి అంటే, వాళ్లు వాడే కొన్ని మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు. నేను బడిలో నేర్పినట్టు నాడి లెక్కపెట్టి శ్రమను అంచనా వేస్తే పూర్తిగా తప్పుతుంది. అందుకని నడుస్తూ ఉండగా మాట్లాడగలుగుతున్నాడా, ఒక వాక్యం పూర్తి చేయడానికి ఊపిరి తీసుకోవలసి వస్తున్నదా, శ్రమ ఎంతగా ఉందని తనకు అనిపిస్తున్నది అన్నవి అడిగి చూసుకుంటారు. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో దాదాపు 4,000 మంది గుండెపోటు రోగులకు యోగాతో కూడిన శిక్షణ ఇచ్చి చూసిన ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు, మళ్లీ గుండెపోట్లు స్పష్టంగా తగ్గాయని అందులో తేలలేదు; అయితే తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు, పూర్వపు పనులకు తిరిగి వెళ్లగలిగినవారు ఎక్కువగా ఉన్నారు. మేడ మెట్లెక్కని మా వీధి పెద్దమనిషికి కావలసింది ఆ రెండోదే.

ఎముకలు విరిగినవారి గురించి మా జిల్లాలో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పుత్తూరు కట్టు పేరు తెలియనివారు ఉండరు. కట్టు ఎవరు కట్టినా, అది ఆకుల పసరుతో కట్టిందైనా ఆసుపత్రి పిండికట్టైనా, అది ఎముక సంగతి చూస్తుంది. ఎముక అతుక్కుంటుండగా పక్కనే ఉన్న కీలు బిగుసుకుపోతుంది, తొడ కండ సన్నబడుతుంది. కట్టు విప్పిన రోజును జబ్బు నయమైన రోజుగా లెక్కించడం మన అలవాటు. మా పడమటి మండలాల్లో పాడి ఆవులే చాలా ఇళ్లకు ఆధారం. కుర్చీలోంచి లేవడానికి మోకాలు తొంభై డిగ్రీలకు కాస్త పైగా వంగితే చాలు. గొంతుక్కూర్చొని పాలు పితకాలంటే అది నూట ముప్పయి డిగ్రీలకైనా వంగాలి. తొంభై దగ్గర ఆగిపోయిన మోకాలు ఎక్స్‌రేలో చక్కగా ఉంటుంది. ఆవును మాత్రం అమ్ముకోవలసి వస్తుంది. ఈ నష్టం ఏ ఆసుపత్రి లెక్కలోనూ పడదు.

మన ప్రాంతానికి ఈ విద్య తెలియనిది కూడా కాదు. కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడుము నుంచి కిందికి చచ్చుబడినా చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో వేలూరులో 1966లో పునరావాస కేంద్రం వెలిసింది. మా జిల్లా నుంచి అక్కడికి వెళ్లి, తమ చేతులతో తాము బతకడం నేర్చుకొని వచ్చినవారు ఉన్నారు. తిరుపతిలో దేవస్థానం వారి ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది, స్విమ్స్ వైద్య విశ్వవిద్యాలయంలో ఫిజియోథెరపీ కళాశాల ఉంది. లోపం విద్యలో లేదు, దూరంలో ఉంది. వారానికి మూడుసార్లు, నెలల తరబడి చేయించవలసిన పనికి నూరు కిలోమీటర్ల దూరంలో ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నా లేనట్టే.

ఇక ప్రభుత్వం వారి దృష్టికి ఒక లెక్క. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నది. ఇది ఎంతో మంచి పని. ఒక్క రూపాయి కూడా తగ్గించాలని నేను అనను. నా భార్యకు ఆ అమ్మాయి వచ్చిన ఒక్కోసారికి 350 రూపాయల చొప్పున నెలకు 4,200 అయింది. నాకు పింఛను ఉంది కనుక ఇచ్చుకోగలిగాను. కూలి చేసుకునే ఇంట్లో ఆ 4,200 దొరకదు; ఆ మనిషి మంచాన పడిపోతాడు; అప్పుడు నెలకు 15,000 జీవితాంతం ఇస్తాం. మంచం మీద ఉన్నందుకు ఇచ్చే చెయ్యి, మంచం దిగడానికి కూడా కాస్త ఇస్తే ఖజానాకూ మేలే. కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ పథకం డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు భరిస్తుంది. పక్షవాత రోగికి పదిహేను రోజులంటే, పడిపోకుండా కూర్చోవడం నేర్చుకోవడానికే సరి.

సరిహద్దు దాటితే తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన ఇంటింటి వైద్య పథకంలో బీపీ, చక్కెర మాత్రలతో పాటు ఫిజియోథెరపీని కూడా మంచాన పడినవారి ఇంటికే తీసుకువెళ్తున్నారు. గుడియాత్తంలో ఉంటున్న మా వదిన ఇంటి పక్క ముసలాయనకు అలా వచ్చి చేయించారని ఆమె చెబితే విన్నాను. అది ఎంత తరచుగా వస్తున్నది, ఎందరికి సరిపోతున్నది అన్నవి చర్చించదగినవే. ఫిజియోథెరపిస్టు ఇంటికి రావడం ప్రభుత్వ బాధ్యత అని ఒప్పుకోవడమే అందులో నాకు ముఖ్యంగా తోచింది. మన దగ్గర ఊళ్లకు 104 వాహనం వస్తున్నది. డాక్టరు, మందులు వస్తున్న ఆ బండిలో ఇంకొక మనిషికి సీటు చూడడం అసాధ్యమా?

మనుషులు లేరన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. నాలుగున్నరేళ్లు చదివి డిగ్రీ పుచ్చుకున్న పిల్లలు మా చుట్టుపక్కలే నాకు తెలిసి నలుగురున్నారు. వారిలో ఇద్దరు బెంగళూరులో ఆ చదువుతో సంబంధం లేని ఉద్యోగాల్లో ఉన్నారు. ఫిజియోథెరపిస్టులతో సహా అనుబంధ వైద్య వృత్తులన్నిటికీ 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం రిజిస్టరు పక్కాగా ఉంటే, బోర్డు పెట్టుకున్నవారిలో ఎవరు చదువుకున్నవారో ఎవరు కారో సామాన్యుడికి తెలుస్తుంది. అది చాలా అవసరం. మా వైపు ఫిజియోథెరపీ అంటే 'కరెంటు పెట్టించుకోవడం' అనే అర్థం స్థిరపడిపోయింది. రోగిని బల్ల మీద పడుకోబెట్టి, నాలుగు తీగలు తగిలించి, పావుగంట తర్వాత విప్పి డబ్బు తీసుకుంటారు. నొప్పి ఉన్నప్పుడు దానికి కొంత ఉపయోగం ఉండవచ్చు, కాదనను. కాని రోగి తాను చెమట పట్టేలా కదలకుండా తీగలు కదిలించి పెట్టే బలం ఎక్కువ కాలం నిలవదు. కరెంటు పెట్టలేదని నా భార్య కూడా మొదటి వారం ఆ అమ్మాయిని తక్కువగా చూసిందని ఒప్పుకోవాలి.

నేను కోరేది పెద్ద భవనం కాదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ, వీలైతే ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలోనూ, నేల మట్టంలో ఒక గది. రెండు వైపులా పట్టుకొని నడవడానికి ఇనుప గొట్టాల కమ్మి, మూడు మెట్లున్న చెక్క నిచ్చెన, నిలువుటద్దం, గట్టి బల్ల, బీపీ యంత్రం, కీలు ఎంత వంగుతున్నదో కొలిచే కోణమాపకం. వెల్డింగు షాపు, వడ్రంగి కలిసి వారంలో చేసి ఇవ్వగలిగిన సామగ్రి ఇది. అసలు ఖర్చు అందులో పనిచేసే మనిషి జీతం. ఆ మనిషి పొద్దున ఓపీ వేళల్లోనే కాక, రోగిని తీసుకురావలసిన కొడుకో కూతురో కూలి నుంచి తిరిగొచ్చే సాయంత్రం కూడా ఉండాలి. వైద్యసేవ కింద పక్షవాతానికి, గుండెపోటుకు, ఎముకల శస్త్రచికిత్సకు ఆసుపత్రికి డబ్బు చెల్లించేటప్పుడే, ఆ తర్వాతి కసరత్తు విడతలకు కూడా చెల్లింపు విడిగా కేటాయించి, అవి రోగి ఇంటికి దగ్గరున్న చోట జరిగితేనే ఆ సొమ్ము విడుదల చేయాలి. అన్నిటికన్నా ముందు, రూపాయి ఖర్చు లేకుండా రేపటి నుంచే చేయగలిగింది ఒకటుంది. డిశ్చార్జి కాగితంలోని ఆ చివరి వాక్యాన్ని మాత్రల చీటీ లాగా రాయాలి. ఏ కసరత్తు, రోజుకు ఎన్ని విడతలు, ఒక్కో విడత ఎంతసేపు, ఏం చేయకూడదు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆపాలి, మళ్లీ ఎప్పుడు ఎవరికి చూపించాలి అన్నవి తెలుగులో ఉండాలి. చెయ్యి పట్టి లాగరాదు అన్న మూడు మాటలు ఆ కాగితంలో ఉండి ఉంటే నా భార్య భుజం నిలిచేది.

మా ఇంటికి వచ్చిన అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది. పోయిన నెల మా ఊరి మిల్లు దగ్గరుండే ఒకాయనకు కుడివైపు పక్షవాతం వచ్చి, పన్నెండు రోజులకు ఇంటికి తెచ్చారు. నా భార్య నడవడం చూసిన ఆయన కొడుకు, మీరే వచ్చి చేయించండి మాస్టారూ అని అడిగాడు. మంచం మీద చెయ్యి కింద దిండు ఎలా పెట్టాలో మాత్రం చూపించి, తక్కినది నేను చేయకూడదని చెప్పి, చిత్తూరులో ఎక్కడికి వెళ్లాలో, ఏ బస్సు ఎన్ని గంటలకో కాగితం మీద రాసిచ్చాను. మొన్న వెళ్లి చూస్తే ఆయన ఇంకా మంచం మీదనే ఉన్నాడు. ఎందుకు తీసుకువెళ్లలేదని అడిగాను. ఆటోకు రానూ పోనూ రెండు వేలు అడుగుతున్నారని, బస్సులో తీసుకువెళ్దామంటే నాయన మూడు మెట్లు ఎక్కలేడని ఆ అబ్బాయి చెప్పాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి.